గట్టు పక్క మొక్క: సోయాచిక్కుడు దిగుబడి లక్షణాల జన్యు విశ్లేషణపై కొన్ని అభ్యంతరాలు

సోయాచిక్కుడు క్షేత్ర దినోత్సవాలలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. శాస్త్రవేత్త గట్టు పక్కన నిలిచి, గుబురుగా కొమ్మలు వేసిన మొక్కనొకదాన్ని వేళ్లతో సహా పెకలించి పైకెత్తి చూపుతారు. కాయలు లెక్కపెడతారు. ఎనభై, తొంభై, ఒక్కొక్కసారి నూరు దాటుతాయి. ఫోటోలు తీస్తారు. వెనుక వరుసలో నిలుచున్న రైతు మాత్రం చేను లోపలికి నాలుగడుగులు వేసి, సాళ్ల మధ్య ఇరుక్కుని పెరిగిన మరో మొక్కను వంచి చూస్తాడు. దానికి ఇరవై ఐదో, ముప్పయ్యో కాయలుంటాయి. "ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు వస్తయి సార్?" అని ఆయన అడిగే ప్రశ్న ఈ రెండో మొక్కను చూసి పుట్టినది.

సోయాచిక్కుడులో గింజ, కాయ దిగుబడి లక్షణాల జన్యుశాస్త్రం పేరిట వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఏటేటా వెలువడుతున్న సిద్ధాంత వ్యాసాలలో అధిక భాగం ఆ మొదటి మొక్క మీద ఆధారపడి ఉన్నాయి. విద్యార్థుల శ్రద్ధలో లోపం లేదు. ఎండలో కూర్చుని వేల కాయలను ఒలిచి లెక్కించిన శ్రమ ఆ పట్టికల వెనుక ఉన్నది. లోపం ఆ శ్రమను నడిపించే పద్ధతిలో ఉన్నది.

పద్ధతి అందరికీ తెలిసినదే. ముప్పై, నలభై జన్యురూపాలు తీసుకుంటారు. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో మూడు పునరావృత్తులతో ఒక ఖరీఫ్‌లో ఒకే పరిశోధనా క్షేత్రంలో విత్తుతారు. ప్రతి మడిలో ఐదు మొక్కలను 'యాదృచ్ఛికంగా' ఎన్నుకుంటారు. యాభై శాతం పూతకు పట్టిన రోజులు, మొక్క ఎత్తు, కొమ్మల సంఖ్య, మొక్కకు కాయలు, కాయకు గింజలు, 100 గింజల బరువు, మొత్తం జీవ పదార్థపు బరువు, పంట సూచిక, మొక్కకు గింజ దిగుబడి నమోదు చేస్తారు. ఆ తరువాత జన్యురూప, దృశ్యరూప వైవిధ్య గుణకాలు, అనువంశికత, జన్యు పురోగతి, సహసంబంధాలు, పథ విశ్లేషణ వరుసగా వస్తాయి. చివరి అధ్యాయంలో ఒక వాక్యం తప్పక ఉంటుంది: మొక్కకు కాయల సంఖ్య గింజ దిగుబడిపై అత్యధిక ప్రత్యక్ష ప్రభావం చూపినందున ఎంపికలో ఆ లక్షణానికి ప్రాధాన్యమివ్వాలి. ఈ వాక్యాన్ని విత్తనం నేలలో పడక ముందే రాసిపెట్టుకోవచ్చు. ప్రయోగం చేయకుండానే తెలిసిపోయే ఫలితానికి ప్రయోగమెందుకన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

మొక్కకు గింజ దిగుబడి అంటే మూడు అంకెల లబ్ధం: కాయల సంఖ్య, కాయకు గింజల సంఖ్య, ఒక్కో గింజ బరువు. లబ్ధంలో ఏ అంకె ఎక్కువగా మారుతుందో, ఫలితం దానివెంటే నడుస్తుంది. ఒక ప్రయోగంలో జన్యురూపాల మధ్య కాయల సంఖ్య 25 నుంచి 80 వరకూ, కాయకు గింజలు 1.9 నుంచి 2.6 వరకూ, 100 గింజల బరువు 9 నుంచి 14 గ్రాముల వరకూ మారిందనుకుంటే, దిగుబడిలోని హెచ్చుతగ్గులకు కాయల సంఖ్యే ప్రధాన కారణంగా కనబడి తీరుతుంది. అది సోయాచిక్కుడు జీవధర్మం గురించి చెప్పే మాట కాదు, గుణకారం గురించి చెప్పే మాట. జీవ పదార్థాన్నీ పంట సూచికనూ కూడా అదే పథచిత్రంలో చేర్చినప్పుడు పరిస్థితి మరింత విచిత్రం. ఆ రెండింటి లబ్ధమే నిర్వచనరీత్యా దిగుబడి. అటువంటి విశ్లేషణలో అవశేష ప్రభావం సున్నాకు దగ్గరగా వచ్చిందని, ఎంచుకున్న లక్షణాలు దిగుబడిని సంపూర్ణంగా వివరించాయని రాయడం, రెండు రెళ్లు నాలుగని ప్రయోగాత్మకంగా నిరూపించినట్లే.

పథ విశ్లేషణను రూపొందించిన సూయెల్ రైట్ 1921 నాటి తన వ్యాసంలో ఈ పద్ధతి పరిధిని జాగ్రత్తగానే గీశాడు. కారణాల గురించి ముందే ఉన్న జ్ఞానాన్ని సహసంబంధాలతో జోడించడానికి ఇది ఉపకరిస్తుంది, సహసంబంధాల నుంచే కారణాలను పుట్టించడానికి కాదు. డ్యూయీ, లూ 1959లో క్రెస్టెడ్ వీట్‌గ్రాస్ అనే గడ్డి జాతి విత్తన దిగుబడికి దీనిని అన్వయించిన తరువాత పంటల ప్రజనన రంగంలో ఇది విస్తరించింది. అలా విస్తరించే క్రమంలో రైట్ విధించిన షరతు జారిపోయి, సూత్రం మాత్రం మిగిలింది.

అనువంశికత విషయంలో జరుగుతున్న పొరపాటు ఇంతకంటే లోతైనది. అనువంశికత 30 శాతం లోపు తక్కువ, 60 దాటితే అధికం అన్న వర్గీకరణకు దాదాపు ప్రతి సిద్ధాంత వ్యాసమూ జాన్సన్, రాబిన్సన్, కామ్‌స్టాక్‌ల 1955 నాటి పరిశోధనను ఉటంకిస్తుంది. ఆ పరిశోధన సోయాచిక్కుడు మీద చేసినదేనన్న సంగతి వరి, కంది వ్యాసాలలో దానిని ఉటంకించే వారికి చాలామందికి గుర్తుండదు. అనువంశికతను జన్యు పురోగతితో కలిపి చూస్తేనే ఎంపిక ఫలితాన్ని అంచనా వేయగలమన్నది ఆ రచయితల ప్రధాన సూచన. వారి పేరుతో నేడు మిగిలినది ఎక్కువగా ఆ మూడు అరల పట్టిక.

ఒకే చోట, ఒకే ఋతువులో చేసిన ప్రయోగంలో జన్యురూపాల మధ్య కనిపించే వైవిధ్యంలో రెండు భాగాలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి ఎక్కడ విత్తినా నిలిచే నిజమైన జన్యు భేదం. రెండవది ఆ ఏటి వానకు, ఆ నేలకు మాత్రమే పరిమితమైన జన్యు-పరిసర ప్రతిచర్య. ఈ రెండింటినీ విడదీసే మార్గం ఆ ప్రయోగంలో లేదు. ఒక ఊహాత్మక ఉదాహరణ: నిజమైన జన్యు వైవిధ్యం 4, ప్రతిచర్య 6, దోషం 4 అనుకుందాం. ఒకే ఋతువు ప్రయోగం మొదటి రెంటినీ కలిపి 10గా లెక్కించి, 14లో 10, అంటే 71 శాతం అనువంశికత అని ప్రకటిస్తుంది. ప్రతిచర్యను వేరు చేస్తే మిగిలేది 14లో 4, అంటే 29 శాతం. ఒకే పంట, అవే మొక్కలు. పై పట్టిక ప్రకారం మొదటిది 'అధికం', రెండవది 'తక్కువ'. మొక్కకు కాయల సంఖ్య విషయంలో జరిగేది సరిగ్గా ఇదే. 100 గింజల బరువు, పూతకు పట్టే రోజులు వంటి లక్షణాలలో ప్రతిచర్య పాలు తక్కువ కనుక అక్కడ ఒకే ఋతువు అంచనా కూడా అంతగా మోసం చేయదు. అన్ని లక్షణాలనూ ఒకే త్రాసులో తూచి, ఒకే విశేషణంతో సరిపెట్టడమే చిక్కు.

కాయల సంఖ్య ఎందుకింత అస్థిరమో సోయాచిక్కుడు మొక్కను దగ్గరగా చూసిన వారికి తెలుసు. ఇది పూసిన పూలలో సగానికి పైగా రాల్చుకునే పంట. పూసినవన్నీ నిలబెట్టుకోవడం దాని నైజం కాదు. చుట్టూ ఖాళీ దొరికితే కొమ్మలు వేసి కాయలు పెంచుకుంటుంది, ఇరుకైతే ప్రధాన కాండానికి పరిమితమవుతుంది. పక్క మొక్క చనిపోతే ఆ వాటా కూడా తనే ఆక్రమిస్తుంది. ఎం. డబ్ల్యూ. ఆడమ్స్ 1967లో చిక్కుడు జాతి పంటపై వివరించిన దిగుబడి అంశాల పరస్పర పరిహారం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. కాయలు పెరిగితే గింజ చిక్కుతుంది, గింజ లావైతే కాయలు తగ్గుతాయి. ఈ అంశాలు ఒకదాని తరువాత ఒకటిగా, ఒకే ఆహార నిల్వ నుంచి పంచుకుని ఏర్పడేవి కనుక, ముందు ఏర్పడినది ఎక్కువ తీసుకుంటే తరువాతి దానికి తక్కువే మిగులుతుంది.

ఐదు మొక్కల ఎంపికలో కూడా ఈ గుణమే చిక్కు తెస్తుంది. యాదృచ్ఛికమని రాసినా, మడిలోకి దిగిన చేయి బక్కచిక్కిన మొక్క మీదికి పోదు. సందు పక్కన నిండుగా ఉన్న మొక్క మీదికే పోతుంది. ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక లెక్క చాలు. సాళ్ల మధ్య 45, మొక్కల మధ్య 5 సెంటీమీటర్ల దూరంలో హెక్టారుకు సుమారు 4.44 లక్షల మొక్కలుండాలి. సిద్ధాంత వ్యాసం మొక్కకు సగటున 14 గ్రాముల గింజ దిగుబడి చూపితే, హెక్టారుకు 62 క్వింటాళ్లు రావాలి. అదే వ్యాసంలో మడి దిగుబడి నుంచి లెక్కించిన హెక్టారు దిగుబడి 22 క్వింటాళ్లు ఉంటే, ఆ ఐదు మొక్కలు ఆ పంటకు ప్రతినిధులు కావు. మడిలో మొక్కల సంఖ్య చాలకపోవచ్చు, లేదా ఎంపిక పక్షపాతంతో జరిగి ఉండవచ్చు. చాలా వరకు రెండూ. మార్గదర్శకులు, పరీక్షకులు ఈ గుణకారం ఒక్కటి చేసి చూస్తే ఎన్నో పట్టికలు తిరిగి విద్యార్థి బల్ల మీదికి వెళ్లవలసి ఉంటుంది.

దీనికి ప్రత్యామ్నాయం కష్టమైనదేమీ కాదు. 45 సెంటీమీటర్ల సాళ్లలో 2.22 మీటర్ల పొడవున ఒక సాలును మొత్తం కోస్తే అది ఒక చదరపు మీటరు పంట అవుతుంది. అంచు సాళ్లను వదిలి, అందులోని మొక్కలన్నిటినీ, బక్కవాటితో సహా లెక్కించి, చదరపు మీటరుకు కాయల సంఖ్యను నమోదు చేయవచ్చు. ఆ అంకె రైతు ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. ప్రధాన కాండం మీది కణుపుల సంఖ్యను, కణుపుకు నిలిచిన కాయల సంఖ్యను వేరు వేరుగా రాసుకుంటే, జన్యుపరంగా స్థిరమైన భాగమేదో, ఆ ఏటి వానకు లోబడిన భాగమేదో కొంతవరకు విడిపోతుంది.

జన్యువుల గురించి ఇప్పుడు తెలిసినది 1955 నాటి కంటే ఎంతో ఎక్కువ. విలియమ్స్ 82 రకం జీనోము క్రమం 2010లో ప్రచురితమైనప్పుడు 20 జతల క్రోమోజోములలో 46 వేలకు పైగా జన్యువులు ఉన్నట్లు, వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు ఒకటికి మించిన ప్రతులలో ఉన్నట్లు తేలింది. పురాతన కాలంలో ఈ జాతి జీనోము రెండుసార్లు ద్విగుణీకృతం కావడం దీనికి కారణం. దిగుబడి లక్షణాలను ఒక్కొక్క జన్యువుకు ముడిపెట్టడం సోయాచిక్కుడులో ఎందుకంత కష్టమో ఇందువల్ల కొంత అర్థమవుతుంది. ఒక ప్రతి దెబ్బతిన్నా మరొక ప్రతి పని నడిపిస్తూ ఉంటుంది.

అయినా పెద్ద ప్రభావం గల కొన్ని జన్యువులు స్పష్టంగా గుర్తించబడ్డాయి. కాండం చివర పెరుగుదల ఎప్పుడు ఆగాలో నిర్ణయించే డీటీ1, డీటీ2 జన్యువులను ఆర్. ఎల్. బెర్నార్డ్ 1972లోనే వర్ణించారు. డీటీ1 అపరిమిత పెరుగుదలకు మూలం. దాని అంతర్గత రూపం ఉన్న మొక్క పూత మొదలైన కొద్దికాలానికే పెరుగుదల నిలిపివేస్తుంది. ఈ ఒక్క భేదం కణుపుల సంఖ్యను, పూత వ్యవధిని, తద్వారా కాయల సంఖ్యను మార్చివేస్తుంది. పరిమిత రకాలను, అపరిమిత రకాలను ఒకే ప్రయోగంలో కలిపి వేసి 'కాయల సంఖ్యకు, మొక్క ఎత్తుకు ధనాత్మక సహసంబంధం' అని రాసినప్పుడు, ఆ సహసంబంధంలో ఎంత భాగం ఈ ఒక్క జన్యువుదో ఎవరూ అడగరు. ఇ-శ్రేణి జన్యువులు పూత సమయాన్ని నియంత్రిస్తాయి. హ్రస్వదిన మొక్క అయిన సోయాచిక్కుడు ఆదిలాబాద్ అక్షాంశంలో, మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ కంటే సుమారు మూడు డిగ్రీలు దక్షిణాన, కొంత ముందుగానే పూతకు వస్తుంది. ఉత్తరాన ఎన్నికైన రకాన్ని ఇక్కడ వేసినప్పుడు కాయల సంఖ్య తగ్గితే, అది కాయల జన్యువు లోపమని అనుకోవడానికి వీలులేదు. కాయలు నిలపడానికి తగినంత కాండం పెరగకముందే పూత వచ్చి ఉండవచ్చు.

కాయకు గింజల సంఖ్యను నియంత్రించే ఎల్‌ఎన్ జన్యువు కథ మరింత బోధకరం. సన్నని ఆకులున్న మొక్కలలో నాలుగు గింజల కాయలు ఎక్కువగా ఉంటాయని పాతకాలపు ప్రజననకారులకు తెలుసు. 20వ క్రోమోజోముపై ఉన్న ఒకే జన్యువు పత్రకం ఆకృతినీ, కాయలోని గింజల సంఖ్యనూ రెంటినీ శాసిస్తుందని, ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారడమే ఈ తేడాకు కారణమని 2012లో కొరియా శాస్త్రవేత్తలు చూపించారు. తెలంగాణ రైతులకు పరిచయమున్న జె.ఎస్. 93-05లో నాలుగు గింజల కాయలను చూసి ముచ్చటపడని వారుండరు. కాని ఈ ఒక్క జన్యువులో మాత్రమే భేదించే జంట వరుసలను పోల్చి చూసినప్పుడు, సన్నాకు మొక్కలలో కాయకు గింజలు పెరిగినా గింజ పరిమాణం తగ్గి, దిగుబడిలో నిలకడైన తేడా కనబడలేదు. కాయకు గింజలు అధిక అనువంశికత గల లక్షణమే. దానిని మార్చడం సులభమే. మార్చినందువల్ల దిగుబడి పెరగాలన్న నియమం మాత్రం లేదు. అనువంశికత అధికమైతే ఎంపిక ఫలప్రదమన్న పాఠ్యపుస్తక వాక్యాన్ని అప్పజెప్పే ముందు విద్యార్థి ఈ జన్యువును ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

గింజ బరువు విషయంలో రూపాన్ని బట్టి జన్యువును ఊహించడం ఎంత ప్రమాదమో అడవి సోయాచిక్కుడు చూపింది. 100 గింజలు కలిపినా రెండు మూడు గ్రాములు తూగని ఆ అడవి జాతి నుంచి, గింజ బరువును పెంచే ఒక యుగ్మవికల్పాన్ని చైనా శాస్త్రవేత్తలు 2017లో వెలికితీశారు. సాగు రకాలు కోల్పోయినది చిన్న గింజ దాచుకున్నది. భారతీయ రకాల జన్యు పునాది ఇరుకైనదన్న మాట తరచు వినబడుతుంది. 1967లో అఖిల భారత సమన్వయ సోయాచిక్కుడు పథకం మొదలైన నాటి నుంచి అమెరికా నుంచి వచ్చిన బ్రాగ్ వంటి కొద్ది రకాల సంతతే మళ్లీ మళ్లీ సంకరణాలలో వాడబడింది. ఈ నేపథ్యంలో అవే ముప్పై విడుదలైన రకాలను మరొకసారి వైవిధ్య విశ్లేషణకు పెట్టడం వల్ల కొత్త వైవిధ్యం పుట్టదు.

గింజ పరిమాణం వద్ద విస్తరణ శాస్త్రవేత్తలు ఇంకొంచెం ఆగవలసి ఉన్నది. లావు గింజకు మార్కెట్లో ఆకర్షణ ఉన్నది, ప్రయోగ పట్టికలలో కూడా ఉన్నది. విత్తనంగా దాని సంగతి వేరు. సోయాచిక్కుడు విత్తనపు పొర పలుచన, మొలక భాగం పొర కిందనే ఉంటుంది. నూర్పిడిలో తగిలే దెబ్బకు, నిల్వలో తేమకు, వేడికి మొలకశక్తి త్వరగా పడిపోతుంది. గింజ లావైన కొద్దీ ఈ బలహీనత సాధారణంగా పెరుగుతుంది. అందువల్లనే ధృవీకృత విత్తనానికి కనీస మొలక శాతాన్ని 70గానే నిర్ణయించారు. ఎకరాకు 30 కిలోల విత్తనం వాడే రైతు, 100 గింజల బరువు 11 గ్రాములున్న రకంలో సుమారు 2.72 లక్షల గింజలు వేస్తాడు. 70 శాతం మొలిస్తే 1.9 లక్షల మొక్కలు. ఎకరాకు కావలసినది సుమారు 1.8 లక్షలు కనుక సరిపోతుంది. అదే 30 కిలోలు 14 గ్రాముల లావు గింజ రకంలో 2.14 లక్షల గింజలు మాత్రమే. 70 శాతం మొలిచినా లక్షన్నర మొక్కలు. మొలక 55 శాతానికి పడితే 1.18 లక్షలు. ఆ పలుచని చేనులో ప్రతి మొక్కా కొమ్మలు వేసి అరవై, డెబ్బై కాయలు కాస్తుంది. క్షేత్ర దినోత్సవంలో పైకెత్తి చూపడానికి అదే మొక్క పనికి వస్తుంది. మొక్కకు కాయలు పెరిగాయి, ఎకరాకు దిగుబడి తగ్గింది. రకాల సిఫారసుతోపాటు గింజ బరువును బట్టి విత్తన మోతాదును మార్చి చెప్పడం, విత్తే ముందు తడి గోనెపట్టాలో నూరు గింజల మొలక పరీక్ష చేయించడం ఈ కారణంగానే జన్యుశాస్త్రంలో భాగమవుతాయి.

కాయ నిలిచింది, గింజ నిండింది అన్నంత మాత్రాన దిగుబడి ఇంటికి చేరినట్లు కాదు. నల్లరేగడి నేలల్లో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కోతకు వచ్చే పంట ఒక రోజు వానకు తడిసి, మరునాడు ఎండకు ఆరి, కాయ గోడలు మెలితిరిగి చిట్లుతుంది. ఈ మెలితిరగడాన్ని ప్రేరేపించే పీడీహెచ్1 జన్యువును 2014లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అది పనిచేయని రూపంలో ఉన్న మొక్కల కాయలు పొడిగాలిలో కూడా పట్టు వదలవు. 1994లో జబల్పూర్ నుంచి విడుదలైన జె.ఎస్. 335 దశాబ్దాల పాటు రైతుల చేలలో నిలవడానికి గల కారణాలలో కాయ త్వరగా చిట్లకపోవడం, మొలకశక్తి పరవాలేదనిపించేలా ఉండటం ముఖ్యమైనవి. దానిని మించిన దిగుబడి గల రకాలు ఎన్నో పరీక్షలలో కనిపించి కూడా దానిని పూర్తిగా కదిలించలేకపోయాయి. అయినా ఈ రెండు లక్షణాలూ కాయ, గింజ దిగుబడి జన్యు విశ్లేషణ వ్యాసాలలో చాలావాటిలో కనిపించవు. కోతను పది రోజులు ఆలస్యం చేసి నేలరాలిన గింజలను లెక్కించడానికి ప్రత్యేక పరికరం అవసరం లేదు. ఒక సాలును కోయకుండా వదిలిపెట్టే ఓపిక చాలు.

ఈ విమర్శకు రాగల సమాధానం ఊహించదగినదే. స్నాతకోత్తర విద్యార్థికి దక్కేది ఒకే ఖరీఫ్. మొదటి ఏడు తరగతులతో గడిచిపోతుంది. సోయాచిక్కుడు పువ్వు అతి చిన్నది, విచ్చకముందే స్వపరాగ సంపర్కం జరిగిపోతుంది. చేత్తో చేసిన సంకరణాలలో నిలిచేవి కొన్నే. ఆ వ్యవధిలో సంకర సంతతిని పెంచి, ఆరు తరాలు స్వపరాగంతో నడిపి స్థిరమైన వరుసలను తయారు చేయడం ఎవరివల్లా కాదు. పైగా గణాంక పద్ధతులు నేర్చుకోవడానికి ఇవే ప్రయోగాలు ఉపకరిస్తాయి. ఈ వాదనలో సత్యం లేకపోలేదు. అయితే విద్యార్థి వ్యవధి తక్కువ కావచ్చు గాని విభాగం వ్యవధి తక్కువ కాదు. స్థిరమైన సంకర వరుసలను తయారుచేయడం విద్యార్థి పని కాకూడదు, విభాగం పని కావాలి. ఒకసారి తయారైన నూటయాభై వరుసల మీద పదేళ్ల పాటు విద్యార్థులు పనిచేయవచ్చు. ఒకరు మొలకశక్తి, ఒకరు కాయ చిట్లడం, మరొకరు బెట్టలో కాయ నిలకడ పరిశీలించవచ్చు. ఒకే ఏడు చేరిన ముగ్గురు విద్యార్థులు మూడు వేర్వేరు విషయాలు ఎంచుకుని ఒకే క్షేత్రంలో మూడు ప్రయోగాలు వేయడానికి బదులు, ఒకే జన్యురూపాల సమితిని ఆదిలాబాద్‌లోనూ, నిజామాబాద్‌లోనూ, కామారెడ్డి రైతు పొలంలోనూ వేస్తే, ఎవరి సిద్ధాంత వ్యాసం వారికే ఉంటుంది, జన్యు-పరిసర ప్రతిచర్య కూడా లెక్కకు అందుతుంది. వీటికి అనుమతి కావలసినది పాలకమండలి నుంచి కాదు, విభాగ సమావేశం నుంచి.

విద్యార్థికి గణాంకం నేర్పడానికైతే మంచి గణాంకమే నేర్పవచ్చు. లబ్ధాన్ని దాని కారకాల మీద ప్రతిగమనం చేయడం ఎందుకు పనికిరాదో నేర్పడం కూడా గణాంక బోధనే. ఎల్‌ఎన్, డీటీ1, ఇ-శ్రేణి, పీడీహెచ్1 జన్యువులకు డి.ఎన్.ఏ. సూచికలు అందుబాటులో ఉన్నాయి. ప్రయోగంలోని ముప్పై రకాలలో ఏ యుగ్మవికల్పం దేనిలో ఉన్నదో ముందుగా తెలుసుకుని, ఆ తెలిసిన జన్యువుల ప్రభావాన్ని తీసివేసిన తరువాత కాయల సంఖ్యలో మిగిలే భేదమెంత అని అడిగితే, అది నిజమైన ప్రశ్న. దాని జవాబు విత్తక ముందే ఎవరికీ తెలియదు.

పాత సిద్ధాంత వ్యాసాలను కూడా పూర్తిగా వృథా అనుకోనక్కరలేదు. గ్రంథాలయాల అరలలో ఉన్న వాటిలో చాలావాటిలో జె.ఎస్. 335 తులనాత్మక రకంగా ఉన్నది. వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు చోట్ల వేసిన ప్రయోగాలను కలిపే దారం ఆ రకమే. మడివారీ వివరాలు దొరికి ఉంటే, ఒక్కొక్కటిగా బలహీనమైన ఆ ప్రయోగాలన్నిటినీ కలిపి, కాయల సంఖ్య అనువంశికతకు నమ్మదగిన అంచనా వేయడం సాధ్యమయ్యేది. దురదృష్టవశాత్తు అనుబంధాలలో మూడు పునరావృత్తుల సగటులే అచ్చయ్యాయి. మొక్కవారీ, మడివారీ నోటుపుస్తకాలు విద్యార్థితో వెళ్లిపోయాయి. ఇకముందు సమర్పించే ప్రతి సిద్ధాంత వ్యాసంతోపాటు మడివారీ అంకెలు, మడిలో నిలిచిన మొక్కల సంఖ్య, ఆ ఋతువులో వారంవారీ వర్షపాతం ఒక కంప్యూటర్ ఫైలుగా విభాగానికి అప్పగించాలన్న నిబంధన పెడితే, వచ్చే ఖరీఫ్‌లో విత్తే విద్యార్థి ఖాళీ కాగితంతో మొదలుపెట్టవలసిన అవసరం ఉండదు.